ఆలంగీర్ చేతి సంపాదన

మా సోమందేపల్లె వైపు ఒక ఇమామ్ గారు అస్ర్ నమాజు చదివించి, మగ్రిబ్ వరకు కుట్టు మిషన్ ముందు కూర్చుంటారు. లాల్చీలు, పైజామాలు కుడతారు. వానలు లేక వేరుశనగ ఎండిపోయిన ఏడాది మసీదు చందాలు తగ్గుతాయి, ఇమామ్ జీతం నెలలు దాటుతుంది. ఇల్లు గడవాలి కదా! అయినా ఇమామత్ చేసే మనిషికి దర్జీ పని ఏమిటని కొందరు చిన్నచూపు చూశారు. ఆ సంగతి విన్నప్పుడు మాకు ఔరంగజేబ్ ఆలంగీర్ (రహ్మతుల్లాహి అలైహ్) గుర్తుకు వచ్చారు.

ఆయన మన ప్రాంతానికి సంబంధం లేని పాదుషా కారు. 1687లో దాదాపు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ ఆయన వశమయింది. ఆ కాలంలోనే సిరా కేంద్రంగా ఏర్పడిన మొగల్ సుబాలోని ఏడు పరగణాలలో మన పెనుకొండ ఒకటి. హైదరాబాద్ మక్కా మసీదు నిర్మాణం పూర్తయింది కూడా ఆయన హయాంలోనే.

షాజహాన్, ముంతాజ్ మహల్ దంపతులకు 1618లో దాహోద్‌లో జన్మించారు. 1658లో గద్దెనెక్కారు. గద్దె కోసం అన్నదమ్ములతో యుద్ధాలు జరిగాయి. 1659లో అన్న దారా షికోహ్‌కు మరణశిక్ష పడింది. తండ్రి 1666లో మరణించేవరకు ఆగ్రా కోటలో బందీగానే ఉన్నారు. వీటిని మేము దాచము, సమర్థించము కూడా. వాటి లెక్క అల్లాహ్ వద్ద ఉంది. మేము ఇక్కడ చెప్పదలచింది ఆయన చేతి పని గురించి మాత్రమే.

షాజాదాగా ఉన్నప్పుడే ఆయన కితాబత్ నేర్చుకున్నారు. నస్ఖ్ లిపిలో ఆయనది మంచి చేయి. ఇది ఒకటి రెండు నెలల్లో వచ్చే విద్య కాదు. ఖలం చెక్కడం, సిరా పాళ్ళు, గీత వంకర పోకుండా చేతిని నిలపడం, ఒక్క జేర్, ఒక్క జబర్ కూడా తప్పకుండా చూసుకోవడం, వీటికి ఏళ్ళ సాధన కావాలి. ఉర్దూ కాతిబుల వద్ద కూర్చుని చూసినవారికి ఆ కష్టం తెలుస్తుంది. రాజ్యవ్యవహారాల నుండి మిగిలిన వేళల్లో ఆయన ఖుర్ఆన్ ప్రతులు రాసేవారు. రాసినవాటిని అందంగా అలంకరింపజేసి, జిల్దు కట్టించి మదీనాకు కూడా పంపారు. గద్దెనెక్కిన తర్వాత, నలభై దాటిన వయసులో, ఖుర్ఆన్ కంఠస్థం చేశారు.

టోపీలు కుట్టడం రెండవ పని. ఆ కాలపు ప్రపంచంలోని గొప్ప ఖజానాలలో ఒకటి ఆయన చేతి కింద ఉండేది. సూది పట్టకపోతే పస్తులుండే స్థితి కాదు. అయినా ఖజానా సొమ్ము వేరు, తన చేతి సొమ్ము వేరు అని లెక్క పెట్టుకున్నారు. మా దృష్టిలో అసలు విషయం ఇదే. ఆ పని కోసం దర్బారు మానలేదు, దర్బారు ఉందని ఆ పనీ మానలేదు. మన ఇమామ్ గారి విషయంలోనూ అడగవలసింది ఇంతే: మిషన్ వల్ల జమాఅత్ వేళ తప్పుతోందా, పిల్లల సబఖ్ ఆగుతోందా? లేదంటే ఆక్షేపణ దేనికి? జీతం వేళకు ఇవ్వనివారికి ఆక్షేపించే హక్కు మరీ తక్కువ.

ఆలంగీర్ పేర ఒక వసీయత్‌నామా ప్రచారంలో ఉంది. అది నిజంగా ఆయనదేనా అన్న విషయంలో చరిత్రకారులు ఏకాభిప్రాయంతో లేరు. దాని ప్రకారం టోపీల సంపాదనలో 4 రూపాయల 2 అణాలు మహల్దార్ అయా బేగ్ వద్ద ఉన్నాయి, వాటిని తన కఫన్‌కు వాడాలి. ఖుర్ఆన్ రాసి సంపాదించిన 305 రూపాయలను మరణించిన రోజున ఫకీర్లకు పంచాలి.

చివరి పాతికేళ్ళు దక్కన్‌లోనే, ఎక్కువభాగం డేరాల్లో గడిచాయి. 1707 మార్చి 3న అహ్మద్‌నగర్‌లో తన 88 ఏళ్ళ వయసులో మరణించారు. ఖుల్దాబాద్‌లో షేక్ జైనుద్దీన్ షీరాజీ (రహ్మతుల్లాహి అలైహ్) దర్గా ఆవరణలో ఖననం చేశారు. చుట్టూ కనిపించే పాలరాతి జాలీ ఎంతోకాలం తర్వాత కట్టినది. సమాధిపై గుమ్మటం లేదు. పైన మట్టి, ఆపైన ఆకాశం.