నాటకాలవాడి డాలు

షేక్స్పియరు అనగానే మనకు హామ్లెట్, మాక్‌బెత్, షైలాకు గుర్తుకు వస్తారు. పరీక్షల పుణ్యమా అని వాళ్ళ గుణగణాలు పేజీలకొద్దీ వ్రాస్తాం. కాని ఆ మహానుభావుడి జీవితంలో నోట్సులో దొరకని వ్యవహారం ఒకటుంది. అది ఒక డాలు బొమ్మకు సంబంధించినది. ఆ డాలు కథ చెబితే ఆయన జీవితం సగం చెప్పినట్టేనని నా నమ్మకం.

ముందు ఈ డాలు సంగతేమిటో చూద్దాం. చాళుక్యులకు వరాహం లాంఛనమైనట్టు, ఇంగ్లండులో పెద్ద కుటుంబాలకు ఒక్కొక్క వంశచిహ్నం ఉండేది. దాన్నే కోట్ ఆఫ్ ఆర్మ్స్ అంటారు. ఇనుప శిరస్త్రాణం పెట్టుకుంటే ముఖం కనబడదు గనుక, డాలు మీది బొమ్మను చూసి మనిషిని పోల్చుకొనేవారు. రానురాను అది తండ్రి నుంచి బిడ్డలకు వచ్చే ఆస్తి వంటిదయింది. ఎవరిష్టం వచ్చిన బొమ్మ వాళ్ళు గీసుకుంటే చెల్లదు. 1484లో మూడవ రిచర్డు రాజు హెరాల్డులనే అధికారులకు ఒక సంస్థ ఏర్పరచాడు. దాని పేరు కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్. పేరుకు కాలేజీయే గాని పాఠాలు చెప్పరు. లండనులో ఇప్పటికీ ఉంది. 1530 నుంచి ఈ హెరాల్డులు జిల్లాలు తిరిగి, డాలు బొమ్మ పెట్టుకున్న ప్రతివాణ్ణీ వంశవృక్షమూ దస్తావేజులూ చూపమనేవారు. రుజువు లేనివాడు తనకు హక్కు లేదని సంతకం చేయవలసిందే. రుజువున్నవాడు జెంటిల్‌మన్. ఆ రోజుల్లో అది మర్యాదకు వాడే మాట కాదు, హోదా. కొత్తగా పైకి వచ్చినవాళ్ళు పదవో ఆస్తో చూపించి, రుసుము కట్టి చిహ్నం పొందే దారి కూడా ఉండేది.

షేక్స్పియరు 1564లో స్ట్రాట్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి జాన్ తోలు పదును చేసి చేతితొడుగులు కుట్టి అమ్మేవాడు. తల్లి మేరీ ఆర్డెన్ కలిగినింటి ఆడపడుచు. 1568లో జాన్ ఆ ఊరి బెయిలిఫ్ అయ్యాడు. అంటే మన మునిసిపల్ ఛైర్మన్ వంటి పదవి. తర్వాత కొద్ది కాలానికి వంశచిహ్నం కోసం ప్రయత్నం మొదలుపెట్టాడు. అది చేతికి రాకముందే మనిషి చితికిపోయాడు. కౌన్సిలు సమావేశాలకు వెళ్ళడం మానేశాడు. 1586లో కౌన్సిలులో ఉన్న స్థానం కూడా పోయింది. 1592లో, అప్పులవాళ్ళ భయంతో చర్చికి రానివారి జాబితాలో ఆయన పేరు కనబడుతుంది.

కొడుకు పద్దెనిమిదేళ్ళకే పెళ్ళి చేసుకొని, ముగ్గురు బిడ్డల తండ్రై, లండను చేరి నాటకాల్లో పడ్డాడు. అప్పట్లో నటుడికి గౌరవం ఎంత? 1572 నాటి చట్టం ప్రకారం, అండగా ఒక ప్రభువు లేని నటుణ్ణి దేశదిమ్మరి కింద జమకట్టి శిక్షించవచ్చు. షేక్స్పియరు 1594 నాటికి లార్డ్ ఛాంబర్లేన్ అండ గల బృందంలో వాటాదారుడయ్యాడు. చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. తండ్రి మూలపెట్టిన దరఖాస్తు మళ్ళీ కదిలింది.

1596 అక్టోబరు 20 తేదీతో గార్టర్ హెరాల్డ్ విలియం డెథిక్ తయారుచేసిన చిత్తుప్రతులు నేటికీ కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌లో ఉన్నాయి. హక్కు తండ్రి పేరనే ఇచ్చారు. అందులో చూపిన రుజువులివి: జాన్ పూర్వీకులు ఏడవ హెన్రీ రాజును కొలిచి బహుమానం పొందారు, జాన్ బెయిలిఫ్‌గా పనిచేశాడు, 500 పౌన్ల విలువైన ఇళ్ళూ భూములూ ఉన్నాయి, పెద్దింటి పిల్లను చేసుకున్నాడు. వీటిలో బెయిలిఫ్ పదవి అక్షరాలా నిజం. రాజుగారి బహుమానానికి మాత్రం ఇప్పటిదాకా ఆధారం దొరకలేదు. కొడుకు వ్రాసే నాటకాల ఊసే లేదు.

బంగారు రంగు డాలు, దాని మీద ఏటవాలుగా నల్లటి పట్టీ, ఆ పట్టీ మీద వెండి మొన గల బంగారు ఈటె. డాలు పైన రెక్కలు విప్పిన తెల్లడేగ మరో ఈటె పట్టుకొని నిలబడి ఉంటుంది. ఇంటిపేరుకు ఈటె ఝళిపించడమనే అర్థం వస్తుంది గదా, ఆ చమత్కారమన్నమాట. తమకు హక్కు లేకపోలేదనే అర్థం వచ్చే పాత ఫ్రెంచి మాట కూడా చేర్చారు.

ఇక్కడే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ డాలును అందుకోవలసిన ఏకైక కుమారుడు హామ్నెట్‌ను 1596 ఆగస్టు 11న సమాధి చేశారు. పదకొండేళ్ళ పిల్లవాడు. తర్వాత రెండు నెలలు దాటాక వచ్చింది వంశచిహ్నం.

ఆయన ఆగలేదు. 1597లో స్ట్రాట్‌ఫర్డ్‌లో న్యూ ప్లేస్ అనే పెద్ద భవంతి కొన్నాడు. 1599లో తల్లివైపు ఆర్డెన్ల చిహ్నాన్ని కూడా డాలులో కలపాలని మరో దరఖాస్తు పడింది. హెరాల్డులు ఒక ఆర్డెన్ శాఖ బొమ్మ గీసి, కొట్టేసి, వేరే శాఖది వేశారు. తల్లి ఏ శాఖ మనిషో తేల్చడం అంత కష్టమైంది! ఆ జోడు చిహ్నాన్ని వాడిన దాఖలా లేదు. అదే ఏడు బెన్ జాన్సన్ తన నాటకంలో, డబ్బిచ్చి డాలు కొనుక్కున్న పల్లెటూరి బడాయికోరును నవ్వులపాలు చేశాడు. అది షేక్స్పియరుకు తగిలించిన చురకేనని చాలామంది విమర్శకుల ఊహ.

1602లో అసలు గొడవ వచ్చింది. యార్క్ హెరాల్డ్ రాల్ఫ్ బ్రూక్, డెథిక్ అనర్హులకు డాళ్ళు పంచిపెట్టాడని 23 పేర్లతో ఫిర్యాదు చేశాడు. అందులో షేక్స్పియరు పేరుంది. ఈ వివాదపు పత్రానికి మిగిలిన నకలులో బొమ్మ కింద, పేరు పక్కన నాటకాలవాడని వ్రాసి ఉంది. డాలు కూడా మాలీ ప్రభువు డాలుకు నకలేనని బ్రూక్ ఆరోపణ. డెథిక్, చరిత్రకారుడు కామ్డెన్ కలిసి జవాబిచ్చారు: ఈటె ఉన్నది గనుక నకలు కాదు, జాన్ ఊరికి అధికారిగా ఉన్నాడు, ఆర్డెన్ల అల్లుడు, స్థితిపరుడు. డాలు నిలిచింది. అదే 1602లో హామ్లెట్ నాటకం లండను పుస్తక వర్తకుల రిజిస్టరుకెక్కింది. కాని జవాబులో చెప్పుకోవడానికి అది పనికిరాలేదు. తండ్రి పదవీ తల్లి పుట్టిల్లూ అడిగే దరఖాస్తులో దానికి గడి లేదు మరి.

2016లో అమెరికాలోని ఫోల్జర్ గ్రంథాలయ పరిశోధకురాలు హెదర్ వుల్ఫ్, ఈ చిహ్నం బొమ్మలు మరికొన్ని పాత వ్రాతప్రతుల్లో ఉన్నాయని వెల్లడించారు. వాటిని బట్టి, కాగితం మీద తండ్రి పేరున్నా ఆనాటివాళ్ళు దాన్ని కొడుకు డాలుగానే చూశారని తెలుస్తున్నది.

తండ్రి 1601లో జెంటిల్‌మన్‌గానే కన్నుమూశాడు. అప్పులకు మొహం దాచుకున్న మనిషికి ఆ తృప్తి దక్కింది. షేక్స్పియరు 1616లో పోయాడు. వీలునామాలో ఆయన పేరు పక్కన జెంటిల్‌మన్ అనే ఉంది. జెంటిల్‌మన్ నడుముకు కట్టే కత్తిని టామస్ కూంబ్ అనే అతనికి వ్రాశాడు. ఇచ్చుకోవడానికి కొడుకు లేడు. తమ్ముళ్ళు ముగ్గురూ ముందే పోయారు. 1670లో మనుమరాలు ఎలిజబెత్ మరణంతో ఆయన సంతతే అంతరించింది.

స్ట్రాట్‌ఫర్డ్ చర్చిలో ఆయన స్మారక విగ్రహం పైన ఆ డాలు నేటికీ ఉంది. దాన్ని చూడటానికి ఏ దేశం నుంచి ఎవరు వెళ్ళినా, బెయిలిఫ్ గారబ్బాయి అని వెళ్ళరు. బ్రూక్ ఏ మాటతో చిన్నబుచ్చాలనుకున్నాడో ఆ పనినే తలచుకొని వెళతారు. రేపు పట్టాలు పుచ్చుకొని దరఖాస్తులు పట్టుకు తిరగబోయే మనం ఈ సంగతి కాస్త గుర్తుంచుకుంటే మంచిది.