ఎడారిలో రైలు వేసిన ముప్పై ఏళ్ల ఇంజినీర్



యూనిట్ టెస్ట్ రోజు పొద్దున మీ ఇంట్లో ఏం జరుగుతుందో మాకూ తెలుసు. బస్సు వచ్చేసరికి జామెట్రీ బాక్స్ కనిపించదు. చదివిందంతా వచ్చు, కానీ స్కేలు లేక గ్రాఫ్ మార్కులు పోతాయి. అందుకే ఈ నెల ఎనిమిదో తరగతిలో ఆవిరి ఇంజను గురించి చెబుతూ పెర్సీ జిరువార్ కథ చెప్పాను. చివర్లో ఒక పాప అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు ఇవ్వలేకపోయాను. ఆ కథ మీకూ చెబుతాను.

జిరువార్ 1867లో కెనడాలోని మాంట్రియల్‌లో పుట్టాడు. తండ్రి పేరున్న లాయరు, తర్వాత సుప్రీం కోర్టు జడ్జి అయ్యారు. కొడుకు మాత్రం ఇంజినీరింగ్ చదివి, కెనడియన్ పసిఫిక్ రైల్వేలో రెండేళ్లు పనిచేసి, 1888లో బ్రిటిష్ సైన్యంలోని రాయల్ ఇంజినీర్స్‌లో చేరాడు.

1897లో సూడాన్ మీదికి దండెత్తుతున్న కిచెనర్ అతనికి ఒక పని అప్పగించాడు. ఉత్తరాన ఉన్న వాదీ హాల్ఫా నుంచి అబూ హమద్ వరకు నూబియన్ ఎడారికి అడ్డంగా రైలు మార్గం వేయాలి. దూరం సుమారు 370 కిలోమీటర్లు. నైలు నది అక్కడ పెద్ద వంపు తిరుగుతుంది, దారిలో రాళ్ల మీద దూకే జలపాతాలు. పడవలకు అది కష్టమైన దారి. ఎడారిలో నేరుగా వెళ్తే ఆ వంపంతా తప్పుతుంది. కానీ నీళ్లు లేని చోట ఆవిరి రైలు ఎలా నడుస్తుంది? ఇది జరిగే పని కాదని చాలామంది నిపుణులు తేల్చేశారు.

అప్పటికి జిరువార్ వయసు ముప్పై. ముందుగా అతను ఆఫీసులో కూర్చుని లిస్ట్ రాశాడు. పట్టాలు, స్లీపర్లు, బోల్టులు, పనిముట్లు, వర్క్‌షాప్ సామాను, ఏది ఎంత కావాలి, ఏ రోజుకు ఎక్కడ ఉండాలి అన్నీ అందులో ఉన్నాయి. ఎడారి మధ్యలో ఒక్క వస్తువు మరిచిపోయినా పని ఆగిపోతుంది. తర్వాత ఇంగ్లండ్ వెళ్లి 15 కొత్త ఇంజన్లు, 200 వ్యాగన్లు కొన్నాడు. దక్షిణాఫ్రికాకు పంపడానికి సిద్ధంగా ఉన్న కొన్ని ఇంజన్లను సెసిల్ రోడ్స్ దగ్గర అరువు తీసుకున్నాడు.

అసలు చిక్కు నీళ్లు. ఆవిరి ఇంజనులో నీరు మరిగి, ఆవిరి పని చేసి, పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. కాబట్టి మళ్లీ మళ్లీ నింపాలి. ఎడారిలో వెళ్లడానికీ, తిరిగి రావడానికీ కావాల్సిన నీళ్లు ఆ రైలే మోసుకెళ్లాలి. లైను పొడవు పెరిగే కొద్దీ నీళ్ల వ్యాగన్లు పెరుగుతాయి, పట్టాలు మోసే వ్యాగన్లు తగ్గుతాయి. అలా పోతే ఒక రోజు రైలు తన నీళ్లు తప్ప ఇంకేమీ మోయలేదు. అదృష్టం బాగుండి 77వ మైలు దగ్గర, తర్వాత 126వ మైలు దగ్గర తవ్విన బావుల్లో నీళ్లు పడ్డాయి. 1897 అక్టోబర్ 31న రైలు అబూ హమద్ చేరింది. దారిలో ఊళ్లు లేవు కాబట్టి స్టేషన్లకు నంబర్లే పేర్లయ్యాయి.

మరి స్టేషన్లు నడిపేదెవరు? వాదీ హాల్ఫాలో రెండు ఖర్జూర చెట్ల కింద రెండు బడులు పెట్టారు. ఒక్కో చెట్టు కింద ఇరవై మంది స్టేషన్ పనికి కావాల్సిన చదువు నేర్చుకున్నారు. ఇది విని మా పిల్లలు మా క్లాసు కూడా వేపచెట్టు కిందికి మార్చమన్నారు!

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే ఇది విజయగాథే. కానీ పాఠం అక్కడ ఆగకూడదు. ఆ పట్టాలు వేసిన కూలీల్లో యుద్ధ ఖైదీలూ ఉన్నారు. ఆ రైలు మోసింది సైన్యాన్ని. 1898 సెప్టెంబర్ 2న ఓందుర్మాన్‌లో ఒక్క పూటలో దాదాపు 10,000 మంది సూడాన్ యోధులు చనిపోయారు. జిరువార్‌కు సర్ బిరుదు వచ్చింది. నైజీరియాలోనూ, తూర్పు ఆఫ్రికాలోనూ గవర్నర్ పదవులు వచ్చాయి. కానీ తూర్పు ఆఫ్రికాలో మసాయి ప్రజలను వాళ్ల భూముల నుంచి తరలించిన వివాదంలో 1912లో రాజీనామా చేశాడు. 1932లో చనిపోయాడు.

అప్పుడే ఆ పాప లేచి, ఆయన మంచివాడా చెడ్డవాడా అని అడిగింది. ఇంటికి వెళ్లి ఆలోచించి, మర్నాడు ఇలా చెప్పాను. పని ఎలా చేయాలో ఆయన దగ్గర నేర్చుకుందాం, ఎందుకు చేస్తున్నామో మాత్రం మనల్ని మనమే అడగాలి. సైన్యం కోసం వేసిన ఆ లైను యుద్ధం తర్వాత కూడా బ్రిటిష్ పాలకుల చేతిలోనే ఉంది. అత్బారా రైల్వే కార్మికులు 1947లో తమ సంఘాన్ని గుర్తించాలని బ్రిటిష్ పాలకుల మీదే సమ్మె చేశారు. 1956లో సూడాన్ స్వతంత్ర దేశమైంది.

ఈ ఆదివారం అట్లాస్ తెరిచి, మీ పిల్లలతో నైలు నది వంపు వెతికించండి. తర్వాత ఈ లెక్క ఇవ్వండి: రైలుకు 20 వ్యాగన్లు, ప్రతి 20 మైళ్లకు ఒక నీళ్ల వ్యాగన్ కావాలనుకుంటే, రానూ పోనూ 100 మైళ్ల దూరంలోని చోటికి పట్టాలకు ఎన్ని వ్యాగన్లు మిగులుతాయి? ఇక రేపటి బ్యాగు లిస్ట్ మీరు కాకుండా, వాళ్లచేతే రాయించండి.