ఓడ దిగనివ్వని వంటవాడు

అమెరికా వెళ్లాలనుకుంటున్నారా? అయితే వాంగ్ కిమ్ ఆర్క్ గురించి మీరు తెలుసుకోవాల్సిందే.

అతడు 1873లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టాడు. వంటపని చేసుకుని బతికేవాడు. 1894లో చైనా వెళ్లేముందు, తాను అమెరికాలోనే పుట్టానని సాక్షులతో సంతకాలు పెట్టించిన కాగితం దగ్గరుంచుకున్నాడు. 1895 ఆగస్టులో తిరిగొస్తే కస్టమ్స్ అధికారులు ఓడ దిగనివ్వలేదు. చైనా కూలీల రాకను 1882 నాటి చట్టం నిషేధించింది మరి! నెలల తరబడి ఓడల్లోనే నిర్బంధం. ఓడిపోతే పుట్టిన ఊరికే పరాయివాడు. అయినా వెనక్కి తగ్గలేదు, కోర్టుకెక్కాడు.

1898 మార్చి 28న సుప్రీంకోర్టు 6-2 మెజారిటీతో అతడివైపే నిలిచింది. 14వ రాజ్యాంగ సవరణ ప్రకారం, అక్కడ స్థిరపడిన విదేశీయులకు ఆ గడ్డమీద పుట్టిన బిడ్డా పౌరుడేనని తేల్చింది. అక్కడి మన తెలుగువాళ్ల పిల్లల పౌరసత్వంపై చర్చ వచ్చినప్పుడల్లా ముందుకొచ్చేది ఈ తీర్పే.

కష్టాలు అంతటితో తీరాయా? లేదు. 1901లో టెక్సాస్‌లోని ఎల్‌పాసోలో మళ్లీ అరెస్టు చేశారు. కొన్ని నెలలకుగానీ ఆ కేసు కొట్టేయలేదు.

మీరు గుర్తుంచుకోవాల్సింది ఇదే. హక్కు ఉంటే చాలదు. దాన్ని రుజువుచేసే కాగితం చేతిలో ఉండాలి, అడిగే ధైర్యమూ ఉండాలి.