యాత్రికుని తుదిమజిలీ

మనలోఁ గాశికిఁ బోయివచ్చినవారు గంగపూజ చేసి, బంధువులకు సంతర్పణ గావించినంతట యాత్ర ముగిసినదని తలంతురు. ఇల్లు సేరిన పిమ్మటనే యాత్రికునకు నిజమైన పరీక్ష గలదని మా యభిప్రాయము. చీనాభిక్షువు హ్యూయన్‌త్సాంగు జీవితమే యిందులకు నిదర్శనము.

బౌద్ధశాస్త్రములందలి సందేహములను మూలగ్రంథములఁ జూచి తీర్చుకొనఁగోరి యాతఁడు భరతఖండమునకుఁ బోవ ననుమతి వేఁడెను. ప్రజలు సరిహద్దు దాఁటరాదని నాఁటి ప్రభుత్వము శాసించియుండెను. అనుమతి రాలేదు. 629 ప్రాంతమున నాతఁడు రాజధాని యగు చాంగాన్ నగరమును విడిచి రహస్యముగాఁ బడమరకు సాగెను. ఆ దినము మొదలు శాసనము దృష్టిలో నాతఁ డపరాధియే.

నలందలో శీలభద్రునొద్దఁ జదివిన పిదప నాతఁడు దక్షిణమునకు వచ్చి మన ధాన్యకటకమునఁ గొన్ని నెలలు నిలిచెను. అచ్చట సుభూతి, సూర్యుఁడు అను నిరువురు భిక్షువులకడ మహాసాంఘికుల యభిధర్మమును నేర్చెను. తా నెఱిఁగిన మహాయానశాస్త్రములను వారికి బోధించెను. కృష్ణాతీరమున నేర్చిన పాఠము కూడ నాతఁడు స్వదేశమునకుఁ గొనిపోయిన ధనములోనిదే.

మరలుదారి సుఖమైనది కాదు. సింధునది దాఁటునపుడు ఏఁబది గ్రంథపుఁ గట్టలు నీటఁ గొట్టుకొనిపోయినవి. ఆతఁ డచ్చటనే నిలిచి, ఉద్యానదేశమునకు మనుష్యుల నంపి ప్రతులు వ్రాయించుకొనెను. కొండదారిలో దొంగల యలజడికి బెదరి యేనుఁగు నీటఁబడి చచ్చెను. 644లో ఖోటాను చేరి, అనుమతి లేక వెడలిన తప్పును దాఁచక టైత్సుంగు చక్రవర్తికి విన్నపము వ్రాసికొని, ప్రత్యుత్తరమునకై నెలలకొలఁది వేచెను. తుదకు క్షమయు నాహ్వానమును లభించెను.

చక్రవర్తి కొరియాపై యుద్ధమునకు వెడలనున్నాఁడని విని యాతఁడు ప్రయాణమును ద్వరపఱచి, 645 ఆరంభమునఁ జాంగాన్ వెలుపలి కాలువగట్టు చేరెను. అధికారు లెదురేఁగుటకు సిద్ధముగా లేకుండిరి. ప్రజలు మాత్రము త్రోవలెల్ల నిండిరి. అడుగు ముందుకు సాగలేదు. ఎడారులును మంచుకొండలును నిలుపఁజాలని వానిని స్వజనుల యాదరమే యారాత్రి యూరివెలుపల నిలిపినది.

మఱునాఁడు 657 గ్రంథములు, 150 ధాతువులు, ఏడు బుద్ధప్రతిమలు హుంగ్‌ఫు విహారమునకు నూరేగింపుగాఁ బోయినవి. ఇరువది గుఱ్ఱములు మోసికొనివచ్చిన బరువది. ఆ యుత్సవమునకుఁ దాను పోక విడిదియందే యుండెనని యాకాలపుఁ జరిత్రకారుఁ డొకఁడు వ్రాసియున్నాఁడు. పిమ్మట లోయాంగ్ నగరమున దర్శనమిచ్చి చక్రవర్తి మంత్రిపదవి యిత్తు నన్నను, యుద్ధమునకుఁ దోడు రమ్మన్నను, వినయముగా నిరాకరించి, గ్రంథములను భాషాంతరీకరించుటకు వలయు వసతిని మాత్రమే కోరెను.

664లో మరణించువఱకుఁ బందొమ్మిదేండ్లు శ్రమించి 75 గ్రంథములను 1335 చుట్టలుగాఁ దన భాషలోనికిఁ దెచ్చెను. మనదేశమున మూలము నశించిన శాస్త్రములు కొన్ని నేఁటికిని చీనాభాషలో నిలిచియుండుట యాతని చలువయే. కాలువగట్టున నాతనికి లభించిన గౌరవ మొక్కరాత్రిది. ఆతఁడు తెచ్చిన మూటను విప్పి పదుగురకుఁ బంచిన పని పదమూఁడు శతాబ్దములు దాఁటియు నిలిచినది. దూరదేశములనుండి విద్యతోఁ దిరిగివచ్చు మన యువకులు దీనిని గమనింతురుగాక.