ఆగిపోయిన బండే ఆయన బడి: జి.డి. నాయుడు జీవితం బస్తర్‌కు ఏం చెబుతోంది?

దారిలో మోటార్‌సైకిల్ ఆగిపోతే చాలామంది చేసేది ఒకటే. కిక్ కొడతారు, మళ్లీ కొడతారు, చివరికి మెకానిక్ దాకా తోసుకెళతారు. వందేళ్లకు పైగా అయింది, కోయంబత్తూరు దగ్గర ఒక పల్లెలో అలా ఆగిన బండిని చూసిన ఒక రైతు కుర్రాడు మాత్రం అది ఎందుకు ఆగింది, మళ్లీ ఎలా కదిలిందన్నది తెలుసుకోవాలనుకున్నారు. ఆయనే జి.డి. నాయుడు. భారతదేశపు ఎడిసన్‌గా పేరు పొందిన తెలుగు కుటుంబపు బిడ్డ.

మెకానిక్ దొరకాలంటే కిలోమీటర్ల కొద్దీ అడవి దాటాల్సిన బస్తర్‌లాంటి చోట ఆయన జీవితం ఇవాళ్టి ప్రశ్నే వేస్తుంది. పనితనం ఎక్కడ పుడుతుంది, దాన్ని ఎవరు గుర్తించాలి?

కిరోసిన్, గుడ్డపేలిక

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్‌లో పుట్టారు. తండ్రి రైతు. పసితనంలోనే తల్లి చనిపోయారు. బడి ఆయనకు పడలేదు. చదువు ప్రాథమిక తరగతుల్లోనే ఆగిపోయింది.

ఆ ప్రాంతానికి ఒక బ్రిటిష్ రెవెన్యూ అధికారి రడ్జ్ మోటార్‌సైకిల్ మీద వచ్చారు. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో తయారైన బండి అది. కోయంబత్తూరులో చెప్పుకునే కథ ప్రకారం, బండి దారిలో మొరాయించడంతో ఆ అధికారి అక్కడున్న నాయుడిని కాస్త కిరోసిన్, గుడ్డపేలిక అడిగారు. భాగాలు విప్పి, తుడిచి, బిగించగానే బండి మళ్లీ నడిచింది. గుర్రం, ఎద్దు లేకుండా కదిలే ఆ యంత్రం నాయుడి మనసులోంచి పోలేదు.

ఆయన కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వర్‌గా చేరారు. కొన్నేళ్లు కూడబెట్టి, సుమారు 300 రూపాయలకు మోటార్‌సైకిల్ కొన్నారు. కొన్నాక దాన్ని నట్టు నట్టుగా విప్పారు, తిరిగి బిగించారు. ఆయన చదివిన ఇంజినీరింగ్ అదే.

ఇంజిన్ ఎందుకు ఆగుతుంది?

ఆనాటి రడ్జ్‌కైనా, ఇవాళ బీజాపూర్ సంతకు వచ్చే బైక్‌కైనా పెట్రోల్ ఇంజిన్ నడవాలంటే మూడు కావాలి. సరైన పాళ్లలో పెట్రోల్, గాలి కలవాలి. ఆ మిశ్రమం సిలిండర్‌లో గట్టిగా నొక్కుకోవాలి. సరైన క్షణంలో స్పార్క్ పడాలి. ఇంజిన్ ఆగిందంటే ఈ మూడింటిలో ఏదో తప్పినట్టే. అందుకే మంచి మెకానిక్ ముందు ఏ భాగాన్నీ మార్చడు. బండి ఎప్పుడు, ఎలా ఆగుతోందని అడుగుతాడు.

యాక్సిలరేటర్ వదలగానే ఆగి, తిప్పి పట్టుకుంటే నడుస్తుంటే కార్బురేటర్‌లోని ఐడిల్ జెట్‌లో మురికి చేరి ఉండొచ్చు. నాలుగైదు కిలోమీటర్లు పోయి ఆగి, కాసేపటికి మళ్లీ స్టార్టవుతుంటే ట్యాంకు మూత చూడాలి. మూతలో గాలి వెళ్లే సన్న రంధ్రం మూసుకుపోతే పెట్రోల్ కిందికి దిగదు. మూత తీయగానే బండి నడిస్తే జబ్బు దొరికినట్టే. చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి వేడెక్కాక ఆగుతుంటే ఇగ్నిషన్ కాయిల్‌ను, వాల్వ్ సందును పరీక్షించాలి. చాలాసార్లు కిక్ కొట్టాక స్పార్క్ ప్లగ్ తీస్తే, పొడిగా ఉంటే పెట్రోల్ అందడం లేదు. తడిగా ఉంటే స్పార్క్ పడటం లేదు, లేదా పెట్రోల్ ఎక్కువవుతోంది.

బస్తర్ రోడ్లు ఈ జబ్బులన్నింటినీ పెంచుతాయి. ఎర్ర మొరం దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌ను మూసేస్తే గాలి తగ్గి, ప్లగ్ నల్లగా మసిబారుతుంది. బంకు దూరమైన ఊళ్లలో సీసాల్లో అమ్మే పెట్రోల్‌తో పాటు చెత్త, నీటి చుక్కలు ట్యాంకులో చేరతాయి. వాగు దాటితే ప్లగ్ క్యాప్‌లోకి తేమ వెళ్తుంది. అబూజ్‌మాడ్ పల్లెల కోసం నారాయణపూర్ జిల్లాలో సైడ్‌కార్ తగిలించిన బైక్ అంబులెన్సులు నడిచాయి. అలాంటి బండిలో గర్భిణి ఉన్నప్పుడు మూసుకుపోయిన జెట్ చిన్న విషయం కాదు.

ఒక బస్సు నుంచి 280కి

నాయుడి తర్వాతి అడుగు పత్తి వ్యాపారం. తిరుప్పూర్‌లో సంపాదించారు, బొంబాయిలో పోగొట్టుకున్నారు. మళ్లీ యంత్రాల వైపే వచ్చారు. కోయంబత్తూరులోని పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ సాయంతో ఒక బస్సు కొని, 1920లో పొల్లాచ్చి, పళని మధ్య తానే నడిపారు. 1933 నాటికి ఆయన యూనివర్సల్ మోటార్ సర్వీస్ చేతిలో 280 బస్సులున్నాయి.

బస్సుల వ్యాపారంలో ఇంజిన్ ఆగితే ఆ రోజు ఆదాయం పోతుంది, ప్రయాణికుడి నమ్మకమూ పోతుంది. విప్పి చూసే అలవాటు అక్కడ ఆయనకు పెట్టుబడిగా మారింది. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి దేశీయంగా ఎలక్ట్రిక్ మోటార్ తయారుచేశారు. మోటార్లకు, పంపులకు కోయంబత్తూరు తెచ్చుకున్న పేరుకు తొలి పునాదుల్లో అదొకటి. బ్యాటరీతో నడిచే రాసంట్ షేవింగ్ రేజర్, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాన్, 70 రూపాయల రేడియో ఆయన జాబితాలో ఉన్నాయి. 1952లో 2,000 రూపాయల ధరకు ఇద్దరు కూర్చునే కారు రూపొందించారు. ప్రభుత్వం లైసెన్స్ ఇవ్వకపోవడంతో అది మార్కెట్‌కు రాలేదు.

ఆయన ఓడిన పోరాటం

కారు కంటే పెద్ద ఓటమి చదువు విషయంలో ఎదురైంది. 1945లో కోయంబత్తూరులో మద్రాస్ గవర్నర్ ఆర్థర్ హోప్ పేరుతో సాంకేతిక కళాశాల రావడం వెనుక నాయుడి కృషి ఉంది. దానికి ప్రిన్సిపల్‌గానూ పనిచేశారు. ఇంజినీరింగ్‌కు నాలుగేళ్లు అక్కర్లేదని, వర్క్‌షాప్‌లో చేతులతో నేర్పితే తక్కువ కాలంలోనే సరిపోతుందని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన తప్పుకున్నారు. ఆ సంస్థే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల.

నాయుడి వాదన పూర్తిగా సరైనదని చెప్పలేం. అందరూ నాయుడు కాలేరు. పైగా 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక చాలా బైకుల్లో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. సెన్సర్ చెడితే కిరోసిన్, గుడ్డపేలిక పనిచేయవు. లోపం పట్టుకోవడానికి స్కానర్ కావాలి. అది చూపే కోడ్‌ను అర్థం చేసుకునే చదువూ కావాలి.

కానీ ఆయన వాదనలోని సగం నిజాన్ని ప్రభుత్వాలు తర్వాత ఒప్పుకున్నాయి. ఛత్తీస్‌గఢ్ 2013లో నైపుణ్య శిక్షణను యువత హక్కుగా గుర్తిస్తూ చట్టం చేసింది. కోరినవారికి 90 రోజుల్లో శిక్షణ అవకాశం కల్పించాలన్నది దాని ఉద్దేశం. దంతెవాడలో అంతకు ముందే లైవ్‌లీహుడ్ కాలేజీ మొదలైంది. స్వల్పకాలిక కోర్సులు ఇప్పుడు ప్రభుత్వ విధానం.

మిగిలింది, ఆ కోర్సులో ఏం నేర్పుతున్నామన్న ప్రశ్న. పాత భాగం తీసి కొత్తది బిగించడం నేర్పితే సర్టిఫికెట్ వస్తుంది. ఎందుకు ఆగిందో వెతకడం నేర్పితేనే మెకానిక్ తయారవుతాడు. తెలుగు వినిపించే కోంటా, భోపాలపట్నం వైపు ఊళ్లలో షాపు పెట్టుకోవాలనుకునే కుర్రాడికి రెండూ కావాలి. విప్పి చూసే స్వేచ్ఛ ఉండాలి, స్కానర్ వాడే శిక్షణా అందాలి. ఒకటి నాయుడు తనంతట తాను సంపాదించుకున్నారు. రెండోది ఎవరికి వారు 300 రూపాయలు కూడబెట్టి కొనుక్కోగలిగేది కాదు. దాన్ని ప్రభుత్వమే ఊరి దగ్గరికి తీసుకురావాలి.

నాయుడు 1974 జనవరి 4న కన్నుమూశారు. ఆయన పేరుతో ఉన్న ప్రదర్శనశాలలో ఆ యంత్రాలను నేటికీ కోయంబత్తూరు పిల్లలు చూసి వెళ్తుంటారు.