భగత్ సింగ్ తలపై ఆ టోపీ ఎప్పటిది?

భగత్ సింగ్ అసలు ఫొటోలు నాలుగే ఉన్నాయని ఆయన రచనలను సేకరించిన చరిత్రకారుడు చమన్ లాల్ చాలా ఏళ్లుగా చెబుతున్నారు. పదకొండేళ్ల వయసులో తలపాగాతో ఒకటి. లాహోర్ నేషనల్ కాలేజీ నాటక బృందంతో, మళ్లీ తలపాగాతోనే ఇంకొకటి. 1927లో పోలీసుల అదుపులో, నులక మంచం మీద జుట్టు ముడితో కూర్చున్నది మూడోది. నాలుగోది దేశమంతా గుర్తుపట్టే ఫెల్ట్ టోపీ ఫొటో. ఏ తేదీ రాసి లేకపోయినా తల మీద ఏముందో చూస్తే చాలు, ఆయన జీవితంలో ఏ మజిలీయో చెప్పేయొచ్చు.

పుట్టింది 1907 సెప్టెంబరులో, నేటి పాకిస్తాన్‌లోని లయల్‌పూర్ జిల్లా బంగా గ్రామంలో. తాత అర్జున్ సింగ్ సిక్కు, అయినా ఆర్యసమాజ అనుచరుడు. చిన్నాన్న అజిత్ సింగ్‌ను రైతు ఉద్యమం నడిపినందుకు ప్రభుత్వం అదే ఏడాది మాండలే పంపించింది. అలాంటి ఇంట్లో తలపాగా ఒక అలవాటు, కుటుంబ మర్యాద. దాని గురించి ఆలోచించాల్సిన అవసరం ఆ పిల్లాడికి చాలాకాలం రాలేదు. ఇంట్లో పెళ్లి మాట ఎత్తగానే కాన్పూర్ వెళ్లిపోయి, గణేశ్ శంకర్ విద్యార్థి ‘ప్రతాప్’ పత్రికలో బల్వంత్ పేరుతో రాశాడు. 1926లో లాహోర్‌లో నౌజవాన్ భారత్ సభ పెట్టాడు. మరుసటి ఏడాది దసరా బాంబు కేసులో పట్టుకుని, అరవై వేల రూపాయల పూచీకత్తు మీద వదిలారు. ఆనాటికి అది మామూలు మొత్తం కాదు. పోలీసులకు అతని ముఖం, జుట్టు, గడ్డం బాగా పరిచయమైంది అప్పుడే.

1928 సెప్టెంబరులో ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా శిథిలాల మధ్య జరిగిన సమావేశంలో హిందుస్తాన్ సోషలిస్ట్ రిపబ్లికన్ అసోసియేషన్ రూపుదిద్దుకుంది. జుట్టు, గడ్డం తీసేసింది ఆ రోజుల్లోనే అంటారు. ఎక్కడ, ఎవరి చేతుల మీదుగా అన్నదానిపై సహచరుల జ్ఞాపకాలు ఒక్కలా లేవు. కారణం మాత్రం ఒక్కటే: రహస్య జీవితం.

అక్టోబరు 30న లాహోర్‌లో సైమన్ కమిషన్ వ్యతిరేక ప్రదర్శనపై లాఠీలు విరిగాయి. లాలా లజపతిరాయ్ నవంబరు 17న కన్నుమూశారు. సరిగ్గా నెల తర్వాత, పోలీసు అధికారి స్కాట్ అనుకుని సాండర్స్‌ను కాల్చారు. వెంటపడిన హెడ్ కానిస్టేబుల్ చనన్ సింగ్ కూడా చనిపోయాడు. నగరం నుంచి బయటపడే దారులన్నిటి మీదా పోలీసుల నిఘా.

టోపీ కథలోకి వచ్చేది ఇక్కడే. భగత్ సింగ్ ఓవర్‌కోటు, ఫెల్ట్ టోపీతో దొరబాబులా తయారయ్యాడు. సహచరుడు భగవతీ చరణ్ వోహ్రా భార్య దుర్గాదేవి అతని భార్యగా, ఆమె పసివాడు శచీంద్ర బిడ్డగా, రాజ్‌గురు నౌకరుగా రైలెక్కారు. అప్పటి హిందుస్తాన్‌లో తలమీదున్నది చూసి మనిషి హోదా కట్టేవారు. తలపాగా ఊరినీ మతాన్నీ కులాన్నీ చెబుతుంది. దొరటోపీ పెట్టుకున్నవాణ్ణి ఆపి ప్రశ్నించడానికి కానిస్టేబుల్ ఒక క్షణం తటపటాయిస్తాడు. వాళ్లకు కావలసింది ఆ క్షణమే. దుర్గాదేవి ధైర్యం లేకపోతే టోపీ ఒక్కటే పనికొచ్చేది కాదు. ఈ కథ చెప్పేటప్పుడు ఆమెను పక్కకు నెట్టడం మనకు అలవాటైంది. కలకత్తా చేరాక భగత్ సింగ్ అక్కడ జతీంద్రనాథ్ దాస్‌ను కలిశాడు. బాంబుల తయారీ నేర్పడానికి ఆయన ఆగ్రా వచ్చింది ఆ పరిచయంతోనే.

పాత ఫెల్ట్ టోపీల వయసు కట్టేవాళ్లు ముందు దాన్ని తిరగేసి చూస్తారు. నుదుటికి తగిలే తోలు పట్టీ, దాని వెనక దాక్కున్న సైజు చీటీ, పట్టు అస్తరు, దాని మీద తయారీదారు ముద్ర, ఇవే సాక్ష్యాలు. అమెరికా టోపీ చిరునామాలో జిప్ కోడ్ ఉంటే అది 1963కు ముందుది కానే కాదు. ఆ తర్వాతే బయటి రూపం: అంచు వెడల్పు, రిబ్బన్ వెడల్పు, పైభాగం ఎత్తు. మగవాళ్ల టోపీకి రిబ్బన్ ముడి సాధారణంగా ఎడమ వైపే ఉంటుంది. 1960ల నాటికి అంచులు సన్నబడి, టోపీ పొట్టిదైపోయింది. ఫెడోరా అన్న పేరు 1882 నాటి ఫ్రెంచి నాటకం నుంచి వచ్చింది. అందులో ఆ పాత్ర వేసిన నటి సారా బెర్నార్డ్. ఆడవాళ్లకు నప్పుతుందనుకున్న ఆ టోపీ మగవాళ్లలో బాగా పాకడానికి 1920లలో దాన్ని పెట్టుకు తిరిగిన బ్రిటిష్ యువరాజు ఎడ్వర్డ్ కూడా ఒక కారణం. సామ్రాజ్యపు వారసుడి ఫ్యాషన్, సామ్రాజ్యం వెతుకుతున్నవాడి తల మీదికి చేరిందన్నమాట.

ఫొటోలో తోలు పట్టీ కనబడదు, అస్తరు కనబడదు. మెత్తటి ఫెల్ట్, కొద్దిగా ఒక పక్కకు ఒరిగిన తీరు కనబడతాయి. రంగు కూడా తెలియదు, అది నలుపు తెలుపు ఫొటో. పోస్టర్లలో మనం చూసే గోధుమ, ఖాకీ, బూడిద రంగులన్నీ చిత్రకారులవే. అందుకే ఈ టోపీకి కాలం కట్టేది దాని కుట్టు కాదు, ఫొటో తీసిన సందర్భం.

ఆ సందర్భం 1929 ఏప్రిల్ మొదటి రోజులు. ఢిల్లీ కశ్మీరీ గేట్‌లోని రామ్‌నాథ్ స్టూడియోలో భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ విడివిడిగా ఫొటోలు తీయించుకున్నారు. ఏప్రిల్ 8న కేంద్ర శాసనసభలో బాంబులు వేసి, పారిపోకుండా పట్టుబడాలన్నది అప్పటికే ఖాయమైన నిర్ణయం. తిరిగి బయటకు రాలేమని తెలిసిన ఇద్దరు కుర్రాళ్లు, పత్రికలకు చేరాలనే ఉద్దేశంతో తీయించుకున్న ఫొటోలవి. కొద్ది రోజుల్లోనే అచ్చయ్యాయి కూడా. లాహోర్‌లో ముఖం దాచడానికి పనికొచ్చిన దొరటోపీ, ఢిల్లీలో ముఖం చాటడానికి పనికొచ్చింది. రెండూ ఒకే టోపీయా అన్నది పట్టుబట్టి తేల్చాల్సిన విషయం కాదు.

తర్వాతిది అందరికీ తెలిసిందే. జూన్ 12న యావజ్జీవ ద్వీపాంతర శిక్ష. రాజకీయ ఖైదీల హక్కుల కోసం నిరాహార దీక్ష. అందులో 63వ రోజున, సెప్టెంబరు 13న జతిన్ దాస్ మరణం. సాండర్స్ కేసు విచారణకు ప్రత్యేక ఆర్డినెన్సుతో ట్రిబ్యునల్, 1930 అక్టోబరు 7న మరణశిక్ష. అదే నెలలో జైల్లో తన నాస్తికత్వానికి కారణాలు చెబుతూ వ్యాసం రాశాడు. 1931 మార్చి 23 సాయంత్రం సుఖ్‌దేవ్, రాజ్‌గురులతో పాటు లాహోర్ సెంట్రల్ జైల్లో ఉరి తీశారు. వయసు 23. మృతదేహాలను రాత్రికి రాత్రే సట్లెజ్ ఒడ్డుకు తరలించి కాల్చేశారు.

ఆ టోపీ బొమ్మ మాత్రం క్యాలెండర్లలో, పోస్టర్లలో ఇంటింటికీ చేరింది. అలాంటి అనేక ముద్రణలను ప్రభుత్వం నిషేధించింది. స్వతంత్రం వచ్చాక తగాదా రూపం మార్చుకుంది. 2008 ఆగస్టులో పార్లమెంటు ఆవరణలో నెలకొల్పిన కంచు విగ్రహానికి తలపాగా చుట్టారు. పోలికలు కుదరలేదని బంధువులు అభ్యంతరం చెప్పారు. 2022 మార్చిలో పంజాబ్ కొత్త ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం ఖట్కర్ కలాన్‌లో జరిగినప్పుడు, వచ్చేవాళ్లంతా పసుపు తలపాగాలు కట్టుకోవాలని పిలుపు వచ్చింది. ముఖ్యమంత్రి కార్యాలయంలో పసుపు తలపాగా భగత్ సింగ్ చిత్రం కనిపించగానే చరిత్రకారులు మళ్లీ ఆ నాలుగు ఫొటోలనే ముందుకు తెచ్చారు. తలపాగా అబద్ధం కాదు, రెండు ఫొటోల్లో ఉంది. అయితే అవి బడి పిల్లాడివి, కాలేజీ కుర్రాడివి. ఉరికంబం వైపు నడిచే నిర్ణయం తీసుకున్నాక, తనను ప్రజలు ఎలా చూడాలో తానే ఎంచుకుని కెమెరా ముందు కూర్చున్నప్పుడు అతని తల మీద ఉన్నది టోపీ.