సవర మాటకు చెవి ఒగ్గిన గిడుగు

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. అది గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారి జయంతి. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలిసిందే. దానికంటే ముందే ఆయన ఒక గిరిజన భాషకు చేసిన సేవ మన పిల్లలకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

రామమూర్తి గారు 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. విజయనగరంలో చదువుకుని, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయులయ్యారు. పాత లిపిని సొంతంగా నేర్చుకుని శ్రీముఖలింగం గుడిలోని శాసనాలు చదివారు. గాంగ రాజుల రాజధాని కళింగనగరం ఆ ముఖలింగమేనని శాసనాల ఆధారంతో గుర్తించారు.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వారి భాషకు అప్పటికి పుస్తకాలు లేవు. రామమూర్తి గారు తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని, ఆయన దగ్గర ఆ భాష నేర్చుకున్నారు. గూడేల్లో తిరిగి మాటలు, కథలు, పాటలు సేకరించారు. ఆ తిరుగుళ్లలో మన్యం జ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. అయినా పని ఆపలేదు.

సవర భాష తెలుగు కుటుంబంలోది కాదు. సంతాలీ, ముండారీ భాషలున్న ముండా కుటుంబంలోది. అందులో లెక్క పెట్టే తీరే వేరు. పన్నెండు దాటాక పన్నెండు-ఒకటి, పన్నెండు-రెండు అంటూ పంతొమ్మిది దాకా వెళతారు. పై లెక్క ఇరవైలతో సాగుతుంది. అంకెల పేర్లు ఎలా పుట్టాయో ఆ మాటలే చెబుతాయి.

రామమూర్తి గారు సవర పిల్లలకు వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరారు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో ఇంగ్లీషులో అచ్చయింది. తర్వాత నిఘంటువు కూడా వచ్చింది. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు.

మా ముండ్లమూరు పేరు వింటే ఎవరికైనా ముండ్లే గుర్తుకొస్తాయి. ముండా అన్న మాట విన్నవారు దానితోనూ ముడిపెట్టవచ్చు. శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. శాసనం చూడాలి, ఊళ్లో పెద్దలను అడగాలి. గిడుగు వారి జీవితం నేర్పే పద్ధతి ఇదే.

ఒక తప్పు కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. హాస్టల్లో సుగాలీ, ఎరుకల పిల్లలు తమ ఇంటి భాషలో మాట్లాడుకుంటుంటే, తెలుగులో మాట్లాడమని మేమే చాలా ఏళ్లు గదమాయించాం. వాళ్లకు తెలుగు బాగా రావాలన్న ఆరాటమే అది. కానీ పిల్లలు తమ భాషను దాచుకోవడం నేర్చుకున్నారు. మేము కొత్తగా వెళితే గుసగుసలు కూడా ఆగిపోయేవి.

ఇప్పుడు సెలవులకు వెళ్లే ప్రతి పిల్లకూ ఒక చిన్న నోటుపుస్తకం ఇస్తున్నాం. అవ్వనో తాతనో అడిగి పది ఇంటి మాటలు, తండా చుట్టూ ఉన్న వాగు, గుట్ట, చెలమ పేర్లు రాసుకు రమ్మంటున్నాం. వాళ్లు తిరిగొచ్చాక చదివి వినిపిస్తుంటే, పలకడం రాక తడబడేది మేమే. దిద్దేది వాళ్లు.